ఎర్ర స్టూలు

ఆ బట్టల షాపు రెండో అంతస్తులో మగవాళ్ళ ప్యాంట్లు అమ్మే ఆవిడను అందరూ 'స్తంభం' అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతం వచ్చే రోజున తప్ప అది ఎవరికీ గుర్తు రాదు. పన్నెండేళ్ళుగా ఆమె ఒకే చోట, ఒక నాలుగు పలకల స్తంభం పక్కన నిలబడుతోంది. ఆ షాపు కట్టేటప్పుడు ముందు ఆమెను నిలబెట్టి, తోడుగా ఉంటుందని తరవాత స్తంభం లేపారని తోటివాళ్ళు చెప్పుకుంటారు. ఆమె కళ్ళు తెరుచుకునే నిద్రపోగలదనీ, ఒకసారి అలా నిద్రపోతూనే ఒక తండ్రికీ, నలుగురు కొడుకులకీ కొలతలు తీసి ప్యాంట్లు అంటగట్టిందనీ, గుర్రాలు ఆమె దగ్గర శిష్యరికం చేయడానికి వస్తే ఖాళీ లేదని పంపేసిందనీ కూడా అంటారు. ఇందులో సగం మాత్రమే అబద్ధం.

షాపులో పనివాళ్ళు కూర్చోకూడదు. కొనేవాళ్ళకు మెత్తని సోఫా ఉంది. అమ్మేవాళ్ళకు నేల ఉంది, అదీ పాదాలు పట్టేంత మేరకే. గోడకు గానీ, బల్లకు గానీ, స్తంభానికి గానీ ఆనుకోకూడదు. ఆనుకుంటే వచ్చినవాళ్ళను చులకన చేసినట్టట. బళ్ళో తప్పు చేసిన పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెడతారు, గంట కొట్టగానే దింపేస్తారు. ఈమె ఏ తప్పు చేసిందో ఎవరూ చెప్పలేదు, గంటా కొట్టలేదు.

జీతం విషయానికొస్తే, పనివాళ్ళకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని చట్టం ఒక అంకె చెప్పింది. షాపువాళ్ళకు చట్టమంటే ఎంత గౌరవమంటే, ఆ అంకెకు పైన ఒక్క పైసా వేసి దాన్ని అవమానించలేదు.

ఈ కూర్చోవడం, ఆనుకోవడం కనిపెట్టడానికి షాపులో పదహారు కెమెరాలున్నాయి. పదిహేడోది ఫ్లోర్ మేనేజరు. ఆయన్ని వెనకాల 'పదిహేడో కెమెరా' అనే పిలుస్తారు. మిగతా పదహారూ ఒక్కోసారి పాడవుతాయి, ఈయన ఎప్పుడూ పాడవలేదు. ఆయన కళ్ళకు ఆమె రెండుసార్లు చిక్కింది. ఒకసారి గోదాములో అట్టపెట్టెల మీద కూర్చుంటే. ఇంకోసారి కింది అరలో సైజు వెతికే వంకతో గొంతుక్కూర్చుని, వెతుకుతూ వెతుకుతూ కునుకు తీస్తే.

"మూడోసారి చూశానంటే మర్నాడు రానక్కర్లేదమ్మా" అన్నాడాయన, చాలా మర్యాదగా. "హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు."

ఆమెకు మిగిలింది స్తంభం. దానికి రెండు వైపుల అద్దాలు, రెండు వైపుల రంగు. రంగున్న ఒక వైపు ఏ కెమెరాకూ కనపడదు. అక్కడ ఎడమ నడుము ఆనిస్తే కుడికాలు కాసేపు బతుకుతుంది, కుడి నడుము ఆనిస్తే ఎడమకాలు. అలా కాళ్ళకు వంతులు వేసుకుని పన్నెండేళ్ళు నెట్టుకొచ్చింది.

ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో భర్త "అక్కడ కూర్చోనిస్తారా?" అని అడిగాడు. "స్టూలు ఉంది" అనేసింది. కూతురు అప్పుడు బుల్లిపిల్ల. "ఏం రంగమ్మా?" అని అడిగింది. "ఎరుపు" అంది. పిల్ల అంతటితో వదల్లేదు కాబట్టి దానికి మెత్త కూడా పెట్టాల్సి వచ్చింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ స్టూలు ఇంట్లో ఒక మనిషైపోయింది. మోకాళ్ళ కింద నరాలు తేలి, వానపాముల్లా మెలికలు తిరిగాక ఆమె మోకాళ్ళదాకా మేజోళ్ళు తొడగడం మొదలుపెట్టింది. "ఏసీ చలి" అంది. అది కూడా నమ్మారు.

నిజం చెబితే భర్త మానెయ్యమంటాడు. మానెయ్యమనడం ఆయనకు సులువు, మానెయ్యడం ఆమెకూ సులువే. ఆ తరవాత ఒకటో తారీకు వస్తుంది, అదే కష్టం. ఆయన గోడలకు రంగులు వేసే మనిషి. ఎండ కాస్తే పని, వాన పడితే ఇంటి చూరు కింద కూర్చుని బ్రష్షులు కడగడం. ఆ ఏడాది వానలు చుట్టాల్లా వచ్చి తిష్ట వేశాయి. కూతురు కాలేజీ, ఒంటిగది అద్దె, గ్యాసు బండ, అన్నీ ఆమె రెండు కాళ్ళ మీదే నిలబడ్డాయి.

అలాంటప్పుడు షాపు స్తంభాలకు కొత్త రంగు వేయిస్తారని తెలిసింది. షాపులో కరెంటు పని చేసే అతని చెవిలో వేసింది: "నాకు తెలిసిన పెయింటరు ఒకాయన ఉన్నాడు, చెయ్యి మంచిది." మొగుడని చెప్పలేదు. ఒక ఇంట్లోంచి ఇద్దరు పనికి రాకూడదని షాపులో ఇంకో నియమం ఉంది. మొగుడూ పెళ్ళాలు కూడబలుక్కుని గుడ్డలు ఎత్తుకుపోతారట. వాళ్ళిద్దరూ కూడబలుక్కుని ఏదైనా చేసి ఎన్నేళ్ళయిందో షాపువాళ్ళకు తెలీదు పాపం.

ముందు రెండో అంతస్తు వేసి చూపించాలి. నచ్చితే పై రెండు అంతస్తులూ ఆయనకే. అంటే వానల్లో నెలరోజుల పని.

రాత్రి షాపు మూసివున్న వేళలో ఆయన పని ముగించి, పొద్దున్నే జుట్టు నిండా మీగడరంగు చుక్కలతో ఇంటికొచ్చాడు. ఆమె జడ వేసుకుంటోంది.

"మీ అంతస్తులో ఒక స్తంభం చూశానే" అన్నాడు టీ ఊదుకుంటూ. "నడుం ఎత్తులో రంగంతా అరిగిపోయి సిమెంటు బయటపడింది. ఎవరో గేదెను తెచ్చి కట్టేసినట్టున్నారు. ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని నున్నగా చేసిపెట్టింది."

కూతురు పకపకా నవ్వింది. ఆమె జడ బిగించింది.

"గేదెలు రెండో అంతస్తు ఎక్కవండీ."

"ఎక్కిందిగా! లప్పం పెట్టి పూడ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ గేదె కనపడితే చెప్పు, రేపటిదాకా ముట్టుకోవద్దని. ఆయిల్ పెయింటు, ఈ వాన గాలికి తొందరగా ఆరదు."

"చెబుతాను."

"అన్నట్టు నీ స్టూలేదీ? అంతా చూశాను, ఎర్ర స్టూలు కనపడలేదు."

"రాత్రి లోపల పెట్టి తాళం వేస్తారు."

"స్టూలుకి తాళమా! ఎంతైనా పెద్ద షాపు."

షాపుకు వెళ్ళగానే ఆమె మొట్టమొదట చేసిన పని తోటివాళ్ళందర్నీ హెచ్చరించడం. రంగు తడిగా ఉందనే అట్ట ఒకటి స్తంభానికి వేలాడుతోంది. తలుపులు తెరిచేముందు మేనేజరు దాన్ని పీకేశాడు, వచ్చేవాళ్ళకు అసహ్యంగా ఉంటుందని. ఆమె స్తంభానికి జానెడు దూరంలో నిలబడింది. కొత్తరంగులో అది పెళ్ళికొడుకులా మెరుస్తోంది. పన్నెండేళ్ళ పరిచయం ఉన్నా పలకరించనట్టు చూస్తోంది.

మధ్యాహ్నం దాకా నెట్టింది. డబ్బాలో అన్నం తిన్నాక అసలు బాధ మొదలైంది. కొనడానికి ఒక్క నరపురుగు లేదు. జనం ఉంటే కాళ్ళ సంగతి కొంత మరుపు, లేనప్పుడు నిమిషం జిగురులా సాగుతుంది. మోకాళ్ళ కింద నరాలు బిగిసి, పిక్కల్లో ఎవరో సూదితో కుట్లు వేస్తున్నట్టుంది. ఆమె ప్యాంట్లు మడత పెట్టింది. పెట్టినవి విప్పి మళ్ళీ పెట్టింది. పక్క వరసలో తోటిపిల్ల ఏదో అడిగితే అటు తలతిప్పి జవాబు చెప్పింది. ఆ కాస్త పరధ్యానంలో నడుము తన దారి తాను చూసుకుంది. ఆమె చెప్పలేదు, అది అడగలేదు. పన్నెండేళ్ళ అలవాటు.

చల్లగా తగిలింది. ఎంత హాయి! ఆ హాయిలో మూడు ఊపిర్లు తీశాక గుర్తొచ్చింది.

చప్పున ఇవతలికి లాగితే చిన్నగా జిగట చప్పుడైంది. ముదురు నీలం యూనిఫాం మీద, ఎడమ నడుము దగ్గర అరచేతి కంటే పెద్ద మీగడరంగు మచ్చ. స్తంభం మీద అదే ఆకారంలో లప్పం బయటపడి, ఎవరో ముఖం చిట్లించినట్టుంది.

పిల్లల బట్టల దగ్గరుండే అమ్మాయి ముందు చూసింది. ఆ పిల్ల పేరు 'రేడియో'. పొద్దున్న మొదలుపెడితే కరెంటు పోయినా ఆగదు.

"అక్కా! పొద్దుటినుంచి మాకందరికీ పాఠం చెప్పి, నువ్వే దిగబడ్డావా!"

"నోరు ముయ్యవే. కనపడుతోందా?"

"కనపడటమా? బస్సు స్టాపులోంచి కూడా కనపడుతుంది. అయ్యో అయ్యో, ఇప్పుడేం చేద్దాం? తుడిస్తే?"

తుడిస్తే మచ్చ ఇంకో జానెడు పాకింది. ఆమె చేతికి దొరికిన బూడిదరంగు ప్యాంటు ఒకటి తీసి, ఎవరికో చూపించడానికి తీసుకెళ్తున్నట్టు ఎడమచేతి మీదుగా నడుం పక్కకు వేలాడేసుకుంది. ఇక దాన్ని దించలేదు. అరలు సర్దినా అదే, కొలత తీసినా అదే. ఇంతలో ఒక పెద్దాయన వచ్చి, అరల్లో ఉన్నవి ఒక్కటీ ముట్టుకోకుండా, "నాకు మీ చేతిమీదుందే, అదే కావాలి" అన్నాడు.

"ఇలాంటివే లోపల ఉన్నాయండీ."

"ఇలాంటివి కాదమ్మా, అదే. మీరు దాచుకుని తిరుగుతున్నారంటే అందులో ఏదో విశేషం ఉంటుంది."

"అది జిప్పు పాడైందండీ!" అని రేడియో మధ్యలో దూకింది. "కుట్టుకి వెళ్తోంది. నిన్న ఒకాయన తొడుక్కుని చూసి, గదిలోంచి బయటికి రాలేక ఏడ్చాడు."

పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి నల్లది తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమెకు నవ్వొచ్చింది, అంతలోనే తల తిప్పి చూసింది. పదిహేడో కెమెరా స్తంభం ముందు నిలబడి ఉంది.

ఆయన కేకలు వేయలేదు. స్తంభం చుట్టూ ఒకసారి తిరిగాడు. తన నడుము దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు చూసుకున్నాడు.

"ఈ రంగు ఎవరో ఒకరి బట్టల మీదికి వెళ్ళింది. ఎవరి మీదుందో వాళ్ళు చెబితే బావుంటుంది." ఒక్కొక్కరి వంకా చూశాడు. "సరే. అందరూ ఇలా వరసగా రండి. చేతుల్లో ఏవీ ఉండకూడదు. నేను చెప్పినప్పుడు పక్కకి తిరగాలి."

ఆమె వరసలో నాలుగోది. ప్యాంటు చేతిమీదే ఉంది. మొదటి అమ్మాయి తిరిగింది. రెండో అమ్మాయి తిరిగింది. ఆమెకు కూతురు కాలేజీ గేటు కళ్ళముందు మెదిలింది. అద్దెకోసం ఇంటి ఓనరు తలుపు తట్టే తీరు వినపడింది. రేపు పొద్దున్న జడ వేసుకుని ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు.

అప్పుడు మెట్లమీద చెప్పుల చప్పుడైంది. భుజాన సంచితో, తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని పెయింటరు వచ్చాడు. డబ్బులు తీసుకుని, పై అంతస్తుల సంగతి ఖాయం చేసుకుందామని.

"రావయ్యా, సమయానికొచ్చావు" అన్నాడు మేనేజరు. "ఇది చూసి చెప్పు. ఇది బ్రష్షు పనా, మనిషి పనా?"

పెయింటరు వంగి చూశాడు. తడి రంగులో నీలం నూలు పోగులు రెండు అతుక్కుని ఉన్నాయి. నడుం ఎత్తు. రాత్రి తాను లప్పంతో పూడ్చిన చోటే. మెల్లగా తలెత్తి, వరసలో నిలబడ్డవాళ్ళను చూశాడు. నాలుగో మనిషినీ, ఆమె చేతిమీది ప్యాంటునీ, దాన్ని పట్టుకున్న వేళ్ళనీ చూశాడు. తరవాత ఆయన చూపు అంతస్తంతా తిరిగింది. ఈ మూలనుంచి ఆ మూలకు, బల్లల కిందికి, అద్దాల వెనక్కి. దేనికోసం వెతుకుతున్నాడో ఆ అంతస్తులో ఒక్క ఆమెకే తెలుసు. పట్టపగలు, షాపు నడుస్తున్న వేళ, ఎర్ర స్టూలు ఎక్కడా లేదు.

బొటనవేలితో ఆ పోగుల్ని తుడిచేశాడు.

"నాదే తప్పు సార్. నిచ్చెన దించేటప్పుడు తగిలింది."

"నిచ్చెనా? నిచ్చెన ఇంత గుండ్రంగా ఉంటుందా?"

"మా నిచ్చెన ఈమధ్య కాస్త ఒళ్ళు చేసింది సార్."

రేడియోకు దగ్గొచ్చింది. మేనేజరు నవ్వలేదు. లోపల లెక్క వేసుకుంటున్నాడు. పనమ్మాయిని పట్టుకుంటే కొత్తమ్మాయికి మొదటినుంచీ పని నేర్పాలి. పెయింటరును పట్టుకుంటే ఓనరుకు ఖర్చు తగ్గించి చూపించవచ్చు. 

"అయితే ఈ స్తంభానికి డబ్బుల్లేవు. ఇంత అజాగ్రత్త మనిషికి పై అంతస్తులు ఇవ్వను, వేరేవాణ్ణి చూసుకుంటాను."

ఆయన సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. నెలరోజుల పని ఆ కాస్తలో అయిపోయింది.

"సరే సార్."

"ఇంకా నిలబడతారేం? మీ మీ చోట్లకి పొండి" అని మేనేజరు వరసను చెదరగొట్టాడు.

"సార్, ఒక్క మాట" అన్నాడు పెయింటరు. "మళ్ళీ ఇదే మీగడరంగు వేస్తే మళ్ళీ ఇదే గొడవ. కిందనుంచి నడుం ఎత్తుదాకా ముదురురంగు వేద్దాం. పిల్లల చేతులు తగిలినా, తోపుడుబండి రాసుకున్నా, ఏదీ కనపడదు. నా తప్పే కాబట్టి ఊరికే వేస్తాను."

మేనేజరుకు చివరి మాట బాగా వినపడింది. "ఏం రంగు?"

"మీ స్టాఫు బట్టల నీలమైతే అందంగా ఉంటుంది సార్. కలపడానికి రంగు సరిగ్గా చూసుకోవాలి." ఆయన ఆమె దగ్గరికి నడిచాడు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఎదుట నిలబడి, చేతులు కట్టుకుని అన్నాడు: "మేడమ్, ఏమీ అనుకోకండి, మీ చొక్కా చెయ్యి ఒకసారి చూపిస్తారా?"

"చూడండి" అంది ఆమె.

చొక్కా అంచు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు తిప్పుతూ, రెండో చేత్తో రంగు వదలగొట్టే టర్పెంటైను వాసన వేసే గుడ్డముక్కను ఆమె గుప్పిట్లో పెట్టాడు. ఆయన చూపు కిందికి, చీలమండల దగ్గర కనపడుతున్న మేజోళ్ళ మీదికి వెళ్ళింది.

"ఏసీ చలి బాగానే ఉందండీ ఇక్కడ" అని చెప్పి మెట్లు దిగిపోయాడు.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి ఆయన గడపలో కూర్చుని నీలం రంగులో నలుపు కలుపుతున్నాడు. కూతురు పొయ్యి దగ్గర ఉంది. ఆమె తిట్లకు సిద్ధపడి చెప్పులు విప్పింది. ఆయన ఖాళీ రంగు బక్కెట్టు ఒకటి బోర్లించి, గుడ్డతో తుడిచి, ఆమె ముందుకు జరిపాడు.

"కూర్చో. ఎర్రది కాదు, సర్దుకో."

కూర్చుంది. ఆయన ఒక మేజోడు తనే కిందికి లాగి, చాలాసేపు చూశాడు. కూతురు కూడా వచ్చి చూసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

"మానెయ్" అన్నాడు.

"మానేస్తాను. మీకు పై అంతస్తుల పని ఉందిగా."

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన పుల్లతో రంగు తిప్పుతూ ఉండిపోయాడు. చూరునుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆమే అంది, "నిచ్చెన ఒళ్ళు చేసిందా?"

"గేదె అంటే కోపమొచ్చిందేమోనని."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ఆయన రంగు తిప్పడం ఆపలేదు.

మర్నాడు షాపు తెరవకముందే వెళ్ళి వేసి వచ్చాడు. స్తంభానికి కింద నీలం, పైన మీగడ. మామూలుగా రెండు పూతలు వేసే చోట నాలుగు వేశాడు. "మందంగా వేశాను, ఇంకో పన్నెండేళ్ళు అరగదు" అన్నాడు ఆమెకు గుమ్మంలో ఎదురుపడి. "రెండు రోజులు మాత్రం ఆగు."

మేనేజరుకు ఆ రెండు రంగులు ఎంత నచ్చాయంటే, పై అంతస్తుల్లోనూ అలాగే వేయమని ఇంకో పెయింటరును పెట్టాడు. ఆ సాయంత్రం నుంచే పైన నిచ్చెన ఈడుస్తున్న చప్పుడు మొదలైంది.

ఆమె స్తంభానికి జానెడు దూరంలో నిలబడింది. వాన జోరుగా పడుతోంది, షాపులో ఒక్కరూ లేరు. పిక్కల్లో సూదులు మొదలయ్యాయి. పైన నిచ్చెన కిర్రుమన్నప్పుడల్లా ఆమె చూపు కప్పు మీదికి పోతోంది.

"ఆరిందా అక్కా?" అని రేడియో గుసగుసలాడింది.

ఆమె చిటికెన వేలి గోరుతో నీలాన్ని తాకి చూసింది. గోటికి కాస్త అంటింది.

"ఇంకా లేదే" అని, బరువు కుడికాలి మీదినుంచి ఎడమకాలి మీదికి మార్చుకుంది.